గోదావరిఖనికి టామ్‌క్యాట్ వచ్చిన దారి

2000 తర్వాతి దశకంలో జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలల్లో కంప్యూటర్ సైన్స్ చదివినవారి వెబ్ టెక్నాలజీస్ ల్యాబ్ రికార్డులు ఏ ఊరివైనా ఒకే వరసలో నడుస్తాయి. ముందు ఒక ఆన్‌లైన్ పుస్తకాల దుకాణానికి పేజీలు తయారు చేయాలి: హోమ్, లాగిన్, క్యాటలాగ్, కార్ట్, రిజిస్ట్రేషన్. ఆ ఫారాల్లో నింపినవి సరిగా ఉన్నాయో లేదో జావాస్క్రిప్ట్‌తో తనిఖీ చేయాలి. సెమిస్టరు కొంత గడిచాక టామ్‌క్యాట్ సర్వర్ ఇన్‌స్టాల్ చేసే ప్రయోగం వస్తుంది. టామ్‌క్యాట్‌కు 4040 పోర్టు, అపాచీకి 8080 పోర్టు ఇవ్వాలి. ఆ పోర్టులను వేరే ప్రోగ్రాం ఏదీ వాడటం లేదని ముందే చూసుకోవాలి. ‘రామా’ అనే ఫోల్డర్లో పేజీలు పెట్టి, బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ చిరునామా కొట్టి చూడాలి. పేజీ తెరుచుకుంటే ప్రయోగం అయినట్టు. అవుట్‌పుట్ రికార్డులోకి ఎక్కించి సార్‌తో సంతకం పెట్టించుకుంటే మార్కులు పడినట్టు.

తెలుగునాట ఎన్నో బ్యాచ్‌ల ఇంజనీరింగ్ విద్యార్థులు వెబ్ అప్లికేషన్‌ను సర్వర్ మీద డిప్లాయ్ చేయడం మొదట నేర్చుకున్నది ఇలాగే. ఆ సర్వరూ దాన్ని అడిగే బ్రౌజరూ ఒకే కంప్యూటర్లో ఉండేవి. అసలు సర్వర్ ఎక్కడో వేరేచోట, వేరేవాళ్ల అధీనంలో ఉంటుందన్న సంగతి ఉద్యోగంలో చేరాక గాని అనుభవానికి వచ్చేది కాదు. జావా వెబ్ అప్లికేషన్ల చరిత్ర రాసేవారు సాధారణంగా వెర్షన్ల వరస చెబుతారు, ఏ కంపెనీ ఏ కంపెనీని కొన్నదో చెబుతారు. రామగుండం, గోదావరిఖని వైపు నుంచి అదే చరిత్రను చదివితే ముందుకొచ్చే ప్రశ్నలు వేరు. సర్వర్ మీద చేయి వేసే అధికారం ఎవరిది? వేసిన చేతికి లెక్క ఎక్కడ రాసి ఉంటుంది? బొగ్గు గనుల నేలలో ఈ రెండు ప్రశ్నలూ కంప్యూటర్ల కంటే చాలా పాతవి.

1871లో జియలాజికల్ సర్వే అధికారి విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉనికిని గుర్తించాడు. 1886లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో అక్కడ తవ్వకాలు ప్రారంభించింది. 1920 డిసెంబరులో అది సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్‌గా మారింది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటా కొనడంతో అది సర్కారు కంపెనీ అయింది. నేడు అందులో 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్రానిది. కొత్తగూడెం, బెల్లంపల్లి వైపు పెరిగిన తవ్వకం గోదావరి కుడి ఒడ్డుకు చేరి, 1960ల తొలి సంవత్సరాల్లో గోదావరిఖని బాయిలు (గనులు) తెరుచుకున్నాయి. బొగ్గు ఉన్నచోటికి కరెంటు వచ్చింది. రామగుండంలో 62.5 మెగావాట్ల ‘బి’ థర్మల్ కేంద్రం 1971లో, ఎన్‌టీపీసీ తొలి యూనిట్ 1983లో మొదలయ్యాయి. ఎన్‌టీపీసీ కేంద్రం తర్వాత 2,600 మెగావాట్లకు పెరిగింది. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి, 2021లో కొత్త సంస్థగా మళ్లీ తెరుచుకుంది.

భూగర్భ గనిలో పని మూడు షిఫ్టుల్లో సాగుతుంది. ముస్టర్ పడాలి, ల్యాంపు తీసుకోవాలి, దిగాలి. 1952 గనుల చట్టం, దాని కింద వచ్చిన 1957 బొగ్గుగనుల నిబంధనలు ఏ అర్హత ఉన్నవాడు ఏ పనికి బాధ్యుడో తేల్చి చెప్పాయి. మేనేజరు, ఓవర్‌మన్, మైనింగ్ సర్దార్, ఒక్కొక్కరికీ సర్టిఫికెట్ ఉండాలి. సర్దార్ తన కిందున్న డిస్ట్రిక్టులో, అంటే గనిలో తనకు అప్పగించిన భాగంలో, పైకప్పు ఎలా ఉంది, గాలి ఆడుతోందా, గ్యాసు ఉందా అని చూసి, పేజీ నంబర్లు వేసి కుట్టిన పుస్తకంలో రాసి సంతకం చేయాలి. విడి కాగితాలు పనికిరావు. చించితే తెలిసిపోవాలి గనుకే కుట్టు, నంబర్లు. ఇలాంటి నియమాలు ప్రాణాల ఖరీదుతో వచ్చినవి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీరు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. కంప్యూటర్ ప్రోగ్రాం ఆగిపోవడాన్ని అలాంటి విషాదం పక్కన పెట్టడం తగదు, పెట్టే ఉద్దేశమూ లేదు. ఎవరు ఏం చూశారో, ఏం చేశారో రాసి పెట్టడం పనిలో భాగమేనన్న అవగాహన ఆ క్వార్టర్లలో పెరిగిన పిల్లలకు ఇంట్లోనే పరిచయం. ఆ పరిచయం చాలా కాలం వాళ్ల కొత్త వృత్తిలో ఎవరికీ అక్కరకు రాలేదు.

కొత్త వృత్తి వైపు వాళ్లను నెట్టింది గనుల్లో వచ్చిన మార్పే. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పది వేలకు పైగా కార్మికులు ఉండేవారు. తండ్రి దిగిపోతే కొడుకు ఎక్కడం అక్కడ బతుకు వరస. పదో తరగతి తప్పినా బాయి పని ఉందనే ధైర్యం ప్రతి ఇంట్లో ఉండేది. ఆ దశకం చివరికి వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయాయి, స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి. తెలంగాణ ఏర్పడే నాటికి కార్మికుల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. విరమణ డబ్బు చేతికొచ్చిన ఇళ్లలో ఆ డబ్బు ఏం చేయాలన్న చర్చ సాగింది. ఆడపిల్ల పెళ్లి, ఇంటి జాగా, పిల్లవాడి చదువు, ఈ మూడింటి మధ్యే చాలామంది లెక్క తేల్చుకున్నారు. చదువు అనుకున్నవారిలో ఎందరికో ఆ చదువు చివరి మజిలీ అమీర్‌పేట అయింది.

రామగుండం స్టేషన్లో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాద్, అక్కడి నుంచి సిటీ బస్సులో అమీర్‌పేట. మైత్రివనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల భవనాల గోడల నిండా కోర్సుల పేర్లు. 2000 సంవత్సరపు తేదీల సమస్యకు ముందు అక్కడ మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ బ్యాచ్‌లు నిండేవి. ఆ అవసరం తీరిపోయి, అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు కూలాక, నిలబడ్డ రెండు పెద్ద దారులు జావా, డాట్‌నెట్. కోర్ జావా ఒక కోర్సు, అడ్వాన్స్‌డ్ జావా ఇంకో కోర్సు. రెండో దాంట్లో జేడీబీసీ, సర్వ్‌లెట్లు, జేఎస్‌పీలు ఉండేవి. ఆపైన స్ట్రట్స్, హైబర్నేట్, స్ప్రింగ్ వేరే ఫీజు. వందలమంది కూర్చునే హాల్లో ఫ్యాకల్టీ మైకులో చెబుతుంటే రాసుకున్న నోట్సు సాయంత్రానికి జిరాక్స్ షాపుకు చేరేది. మరుసటి బ్యాచ్ వాళ్లు దాన్నే ‘మెటీరియల్’ అని కొనుక్కునేవారు. తెలుగు మాటల మధ్య ఇంగ్లిషు పదాలు కలిపి ఆ హాళ్లలో చెప్పిన పాఠం, తెలుగులో జరిగిన సాంకేతిక బోధనలో అతి పెద్దదని నా అభిప్రాయం. విశ్వవిద్యాలయాల చరిత్రల్లో దానికి పేజీ లేదు.

ఆ పాఠంలోని విషయం ఎక్కడ పుట్టిందో కొంచెం వివరంగా చూడాలి. సన్ మైక్రోసిస్టమ్స్‌లో 1991లో మొదలైన ఒక చిన్న ప్రాజెక్టులో జేమ్స్ గోస్లింగ్ రూపొందించిన భాష 1995 మే నెలలో జావా పేరుతో లోకానికి తెలిసింది. మొదట్లో అందరి కళ్లూ బ్రౌజర్లో ఆడే ఆప్లెట్ల మీదే ఉన్నాయి. జావా స్థిరపడింది మాత్రం అవతలి కొసన, సర్వర్లో. అంతవరకు వెబ్‌సైటుకు వచ్చిన ప్రతి అభ్యర్థనకు సీజీఐ పద్ధతిలో సర్వర్ ఒక కొత్త ప్రోగ్రామును లేపి, పని కాగానే చంపేది. వందమంది ఒకేసారి వస్తే వంద ప్రోగ్రాములు లేవాలి, యంత్రం చతికిలబడేది. సన్‌లో పనిచేసిన భారతీయ సంతతి ఇంజనీరు పావని దివాన్‌జీ తయారుచేసిన సర్వ్‌లెట్ స్పెసిఫికేషన్ 1997లో ఈ చిక్కును విప్పింది. సర్వ్‌లెట్ ఒకసారి మెమరీలోకి వస్తుంది, అక్కడే ఉంటుంది, వచ్చిన ప్రతి అభ్యర్థనకూ ఒక థ్రెడ్ కేటాయిస్తారు. పుట్టినప్పుడు ఇనిట్, పనిచేసేటప్పుడు సర్వీస్, పోయేటప్పుడు డెస్ట్రాయ్. ఈ మూడు మెథడ్లనే మన విద్యార్థులు సర్వ్‌లెట్ లైఫ్ సైకిల్ పేరుతో వైవాల్లో, ఇంటర్వ్యూల్లో ఏళ్ల తరబడి అప్పజెప్పారు. సీజీఐ బాధ తెలియకుండా ఈ మూడు పేర్లు కంఠస్థం చేసినవారికి అది వట్టి నిర్వచనం. ఆ బాధ తెలిసినవారికి అందులో ఒక గొప్ప పొదుపు కనిపిస్తుంది.

స్పెసిఫికేషన్ పత్రం దానంతట అది నడవదు. దాన్ని అమలు చేసి చూపే సర్వర్ కావాలి. సన్‌లోనే జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ అలాంటిది ఒకటి రాశాడు. ఒరైలీ ప్రచురణ సంస్థ సాంకేతిక పుస్తకాల అట్టల మీద జంతువుల బొమ్మలు వేస్తుందని, తన సర్వర్ మీదా ఎప్పుడో పుస్తకం వస్తుందని ఊహించి ఒక జంతువు పేరు పెట్టదలిచాడు. తన పని తాను చూసుకోగల జీవి అని మగపిల్లిని ఎంచుకున్నాడు. పుస్తకం తర్వాత నిజంగానే వచ్చింది, అట్ట మీద మాత్రం మంచుచిరుత ఉంది. టామ్‌క్యాట్‌ను బిల్డ్ చేయడానికి అతను రాసుకున్న చిన్న పనిముట్టే యాంట్. అదీ ప్రపంచమంతా పాకింది. సన్ ఈ కోడ్‌ను 1999లో అపాచీ సంస్థకు ఇచ్చేసింది. క్రెయిగ్ మెక్‌క్లనహన్ రూపొందించిన కాటలీనా అనే కొత్త ఇంజన్‌తో 2001లో టామ్‌క్యాట్ 4 వచ్చింది.

సన్ చేసిన ఈ దానం మన కథలో కీలకం. బీఈఏ వారి వెబ్‌లాజిక్, ఐబీఎం వారి వెబ్‌స్ఫియర్ పెద్ద కంపెనీలు లైసెన్సు కొని వాడుకునే సర్వర్లు. గోదావరిఖని నుంచి వచ్చిన కుర్రవాడి షేరింగ్ రూములో, ముగ్గురు కలిసి కొన్న అసెంబుల్డ్ కంప్యూటర్లో నడవగలిగింది టామ్‌క్యాట్. చిన్నది, ఉచితం, కోడ్ తెరిచే ఉంది. నేర్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమీర్‌పేట నడిచింది ఈ ఒక్క సదుపాయం మీదే అంటే అతిశయోక్తి కాదు.

అదే 1999లో సర్వ్‌లెట్ స్పెసిఫికేషన్ 2.2తో ‘వెబ్ అప్లికేషన్’ అనే మాటకు ఒక ఆకారం వచ్చింది. పేజీలు, బొమ్మలు ఒకచోట. వెబ్-ఇన్ఫ్ అనే ఫోల్డరు లోపల క్లాసెస్, లిబ్ అనే ఉపఫోల్డర్లు, వెబ్.ఎక్స్ఎంఎల్ అనే వివరాల ఫైలు. వెబ్-ఇన్ఫ్‌లో ఉన్నది బ్రౌజర్‌కు నేరుగా అందదు. ఇదంతా కలిపి మూటగట్టితే ఒక వార్ ఫైలు. దాన్ని ఏ సర్వర్లో పెట్టినా నడవాలన్నది ఒప్పందం. టామ్‌క్యాట్‌లో అయితే వెబ్‌ఆప్స్ ఫోల్డర్లోకి కాపీ చేస్తే చాలు; సర్వర్ తనే గమనించి, విప్పి, నడిపిస్తుంది. ప్రోగ్రాం రాసేవాడికీ యంత్రం చూసుకునేవాడికీ మధ్య ఈ ఫైలు ఒక సరిహద్దు గీసింది. రాసేవాడు వార్ ఇస్తాడు, చూసుకునేవాడు దాన్ని పెడతాడు. ఒకరి పని ఎక్కడ ఆగిందో, ఇంకొకరి బాధ్యత ఎక్కడ మొదలైందో మొదటిసారి చూపగలిగేలా తేలింది.

కొత్తవాడికి ఆ కాపీ దాకా రావడమే ఒక పోరు. జావా హోమ్ వేరియబుల్ పెట్టకపోతే టామ్‌క్యాట్ విండో మెరుపులా వచ్చి మాయమయ్యేది. సర్వ్‌లెట్ ఏపీఐ జార్ ఫైలు క్లాస్‌పాత్‌లో లేకపోతే కంపైలర్ ఒప్పుకునేది కాదు. వెబ్.ఎక్స్ఎంఎల్‌లో ఒక్క అక్షరం తేడా వస్తే 404. అన్నీ సరిచేసుకున్నాక ఇంకో చిక్కు: నేర్చుకునేవారు ఎక్కువగా వేసుకున్న ఒరాకిల్ 10జీ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ తన వెబ్ పేజీల కోసం, టామ్‌క్యాట్ మార్చకపోతే వాడే 8080 పోర్టునే పట్టుకుని కూర్చునేది. టామ్‌క్యాట్ లేవదు, ఎందుకు లేవదో తెలియదు. సర్వర్.ఎక్స్ఎంఎల్ తెరిచి పోర్టు నంబరు మార్చమని పక్క సీటు స్నేహితుడు చెప్పేదాకా రోజులు గడిచిపోయేవి. పోర్టు అంటే ఏమిటో పుస్తకం చెప్పని తీరులో ఆ గొడవ చెప్పింది. సర్వర్ అనేది ఒక యంత్రం కాదు, ఒక తలుపు దగ్గర కూర్చుని వినే ప్రోగ్రాం. ఒక తలుపు దగ్గర ఇద్దరు కూర్చోలేరు.

కళాశాల ల్యాబ్ దీనికి కొంత తోడ్పడింది, కొంత అడ్డుపడింది. యూజర్1 నుంచి యూజర్4 వరకు నలుగురు వాడుకరులు, పీడబ్ల్యూడీ1 నుంచి 4 వరకు వాళ్ల పాస్‌వర్డులు. వాటిని కుకీలో పెట్టి, లాగిన్ ఫారంలో వచ్చినదానితో పోల్చి చూడమని ఒక ప్రయోగం. కుకీ ఎలా పనిచేస్తుందో చెప్పడానికి అది సులువైన దారే. బ్రౌజర్ చేతికి పాస్‌వర్డు ఇవ్వకూడదన్న మాట కూడా అదే రోజు చెప్పి ఉండాల్సింది. లోకల్‌హోస్ట్‌లో దొంగ ఉండడు. తానే సర్వర్, తానే వాడుకరి అయినచోట భద్రత అనే ఆలోచనకు చోటు దొరకదు. నా దృష్టిలో ఆ సిలబస్ లోపం పాతబడిన పాఠాల్లో లేదు. ప్రయోగం మొత్తంలో రెండో మనిషి లేకపోవడంలో ఉంది.

2008లో జేఎన్‌టీయూ విడిపోయింది. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2010లో మంథని పేరుతో ఒక ఇంజనీరింగ్ కళాశాల తెరిచింది. అది ఉన్నది సెంటినరీ కాలనీ దగ్గర, సింగరేణి నూరేళ్ల పండుగ పేరు మోస్తున్న టౌన్‌షిప్ పక్కన. అలా సర్వ్‌లెట్ పాఠం ఓపెన్‌కాస్ట్ గనుల పొరుగుకే చేరింది. అప్పటికే ఫీజు రీయింబర్స్‌మెంట్ రావడంతో కార్మికుల పిల్లలకు ఇంజనీరింగ్ అందుబాటులోకి వచ్చింది. డిగ్రీ చేతికొచ్చినా అమీర్‌పేట ప్రయాణం మాత్రం తప్పలేదు. 2009 జనవరిలో సత్యం కంపెనీ లెక్కల మోసం బయటపడ్డ సమయంలో హైదరాబాద్‌లో ఫ్రెషర్‌కు ఉద్యోగం దొరకడం ఎంత కష్టమో అప్పుడు డిగ్రీ పూర్తిచేసిన బ్యాచ్‌ల వారికి తెలుసు.

ఈలోపు సర్వర్ అనే మాట కంప్యూటర్ చదవని ఇళ్లలోకీ వచ్చింది. 1999 డిసెంబరులో జంటనగరాల్లో వేర్వేరు శాఖల సేవలను ఒకే కౌంటర్లో అందించే ప్రయోగం ట్విన్స్ పేరుతో జరిగింది. 2001 ఆగస్టు 25న అది ఈసేవగా విస్తరించింది. కౌంటర్లో బ్రౌజర్, మధ్యలో అప్లికేషన్ సర్వర్, వెనుక ఆయా శాఖల డేటాబేస్‌లు: మూడంచెల నిర్మాణం. 2011 నవంబరు 4న మీసేవ మొదలయ్యాక కులం, ఆదాయం, నివాస ధ్రువపత్రాలు డిజిటల్ సంతకంతో రావడం మొదలైంది. సింగరేణి కూడా జీతాలు, సరుకు, లెక్కలు శాప్ వ్యవస్థలోకి మార్చుకుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు రోజున కౌంటర్ ముందు నిలబడ్డ తల్లి నోట ‘సర్వర్ బిజీ అట’ అన్న మాట, కరెంటు పోయిందన్నంత మామూలు మాట అయింది. అదే ఇంట్లో కొడుకు ఆ బిజీ ఎందుకు వస్తుందో నేర్చుకుంటున్నాడు: థ్రెడ్ల సంఖ్యకు ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది, అది నిండితే తర్వాతివారు వరసలో ఆగాలి, వరసా నిండితే వెనక్కి పంపేస్తారు.

మూడంచెల నిర్మాణంలో ఒక శాఖ యంత్రం ఇంకో శాఖ యంత్రాన్ని అడగవలసి వచ్చింది. మనిషి చూసే పేజీ అక్కడ పనికిరాదు. యంత్రం చదివే జవాబు కావాలి. ఆ అవసరం ప్రపంచమంతటా ఒకేసారి తలెత్తి, 2000లో సోప్ 1.1, 2001లో డబ్ల్యుఎస్‌డీఎల్ 1.1 పత్రాలు వచ్చాయి. జావా లోకంలో అపాచీ యాక్సిస్ సోప్‌ను మోసింది. యాక్సిస్ తానే ఒక వార్; టామ్‌క్యాట్‌లో పెట్టి, జావా ఫైలు పేరు చివర జేడబ్ల్యుఎస్ అని మార్చి అందులో పడేస్తే వెబ్ సర్వీస్ సిద్ధం. 2006లో జాక్స్-డబ్ల్యుఎస్ ప్రమాణంగా వచ్చింది. రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పరిశోధనా గ్రంథంలో వివరించిన రెస్ట్ పద్ధతి తర్వాతి దశకంలో సోప్‌ను చాలాచోట్ల పక్కకు నెట్టింది. అమీర్‌పేట బోర్డుల మీద ‘వెబ్ సర్వీసెస్’ అనే వరస ఆ నడిమి కాలంలోనే చేరింది.

ఉద్యోగం దొరికినవాడు అనుకున్నది ఒకటి, చూసింది ఇంకొకటి. తాను రాసిన కోడ్‌ను తానే సర్వర్లో పెడతాడనుకున్నాడు. ప్రొడక్షన్ సర్వర్‌కు లాగిన్ కూడా ఇవ్వరు. అక్కడ చేయి వేసేది వేరే జట్టు, మిడిల్‌వేర్ అడ్మిన్ లేదా ప్రొడక్షన్ సపోర్ట్. ఈ పనికి ఇంజనీరింగ్ పట్టా తప్పనిసరి కాకపోవడంతో బీఎస్సీ, బీకాం చదివినవారు వెబ్‌లాజిక్ అడ్మిన్, వెబ్‌స్ఫియర్ అడ్మిన్ కోర్సులు చేసి అటు వెళ్లారు. క్లయింటు అమెరికాలో ఉంటే డిప్లాయ్‌మెంట్ విండో అక్కడి వేళల లెక్కన పడేది, లేదా శనివారం. షిఫ్టులు మళ్లీ మూడే. నైట్ షిఫ్టు చేసి పగలు కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకోవడం ఆ యువకులకు కొత్త కాదు. నాన్న అలాగే పడుకునేవాడు. అర్ధరాత్రి వాళ్లు చూసుకునే యంత్రాలు హైదరాబాద్‌లో ఉంటే వాటికి అందే కరెంటులో రామగుండం వాటా ఉండేది.

ఆ రాత్రుల్లో జరిగే పని చాలా సూటిది. పాత వార్‌ను పక్కన దాచుకోవాలి. సర్వర్ ఆపాలి. కొత్తది పెట్టాలి. లేపాలి. లాగ్ చూస్తూ ఎర్రర్ రాలేదని నమ్మకం కుదిరాక మెయిల్ పెట్టాలి. తేడా వస్తే పాతది తిరిగి పెట్టాలి, అదే రోల్‌బ్యాక్. సర్వర్ ఆపకుండానే కొత్త వార్ వేయొచ్చని పుస్తకాలు చెప్పాయి. అలా నాలుగైదుసార్లు వేస్తే ‘పెర్మ్‌జెన్ స్పేస్’ అంటూ మెమరీ నిండిపోయి సర్వర్ కూలేది. పాత అప్లికేషన్ క్లాసులను ఏదో ఒక థ్రెడ్ పట్టుకుని వదలకపోవడం అసలు కారణం. అది వెతికే తీరిక రాత్రి రెండు గంటలకు ఎవరికీ ఉండదు, అందుకే రీస్టార్టే మందు అయింది. 2014 మార్చిలో వచ్చిన జావా 8 ఆ పెర్మ్‌జెన్ అనే భాగాన్నే తీసేసింది. క్లాసులను వదలని పాత అలవాటు మాత్రం కోడ్‌లో ఉండనే ఉంది.

ఇక్కడే గని పుస్తకం లేని లోటు కనిపిస్తుంది. ఏ వార్ ఎప్పుడు పెట్టారు, ఎవరు పెట్టారు, అందులో ఏ జార్లు ఉన్నాయి అన్నది పెద్ద బ్యాంకుల్లో రాసి ఉండేది. చిన్నచోట్ల అది షిఫ్టులో ఉన్న మనిషి జ్ఞాపకం. ఫైలు పేరు చివర ‘ఫైనల్’, ‘ఫైనల్2’ అని తగిలించడమే రిజిస్టరు. సర్దార్ రాతకు చట్టం వెన్నుదన్ను ఉంది. ఈ పనికి చాలా ఏళ్లు ఏ చట్టమూ అలా అడగలేదు.

తర్వాతి మార్పులు వేగంగా వచ్చాయి. సన్‌ను 2010 జనవరిలో ఒరాకిల్ తీసుకుంది. 2013లో అప్లికేషన్‌ను కంటైనర్‌గా మూటగట్టే డాకర్ వచ్చింది, 2014 ఏప్రిల్‌లో స్ప్రింగ్ బూట్ తొలి వెర్షన్ వచ్చింది. సర్వర్లో అప్లికేషన్‌ను పెట్టే పద్ధతి తిరగబడి, అప్లికేషన్ లోపలే టామ్‌క్యాట్ ఇమిడిపోయింది. ఒక జార్ నడిపితే సర్వర్ తనే లేస్తుంది. వార్ ఫైలు గీసిన సరిహద్దు చెరిగింది. రాసేవాడే నడపాలి అన్న మాట వచ్చింది, ఉద్యోగ ప్రకటనల్లో డెవ్‌ఆప్స్ అనే పేరు చేరింది. ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ జావాను ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించాక, పేరు హక్కుల కారణంగా 2020లో జకార్తా ఈఈ 9తో ప్యాకేజీల పేర్లు ‘జావాఎక్స్’ నుంచి ‘జకార్తా’కు మారాయి. పాత మెటీరియల్ చూసి రాసిన సర్వ్‌లెట్ టామ్‌క్యాట్ 10లో మార్పు లేకుండా నడవదు.

గనుల్లోనూ వారసత్వ ఉద్యోగాల కథ ఆగలేదు. వాటిని పునరుద్ధరించే ప్రయత్నాన్ని 2017 మార్చిలో హైకోర్టు కొట్టివేసింది. 2018 నుంచి అనారోగ్యంతో పనికి అనర్హులైనవారి పిల్లలకు కారుణ్య నియామకాలు మొదలయ్యాయి. బీటెక్ చదివి, హైదరాబాద్‌లో కొంతకాలం కోడ్ రాసి, తిరిగొచ్చి తండ్రి బదులు గనిలో చేరినవారు ఇక్కడ ఉన్నారు. దీన్ని వెనకడుగు అనడం తొందరపాటు. అటు కాంట్రాక్టు ఉద్యోగపు బెంచ్ భయం, ఇటు క్వార్టరు, వైద్యం, స్థిరమైన జీతం. లెక్క వేసుకునే ఆ కుటుంబాలు నిర్ణయించుకున్నాయి.

2021 డిసెంబరు నాటికి ఐటీ ఉద్యోగుల్లో ఎక్కువమంది ఇంటి నుంచే పనిచేస్తున్నారు. కరోనా మొదటి అలలో హైదరాబాద్, బెంగళూరు గదులు ఖాళీ చేసి సొంతూళ్లకు చేరినవారిలో ఈ ప్రాంతంవారూ ఉన్నారు. ఆ నెలలో లాగ్4జే అనే లైబ్రరీలో లోపం బయటపడింది. లాగ్‌లోకి వెళ్లే ఒక చిన్న పాఠ్యం ద్వారా బయటివాడు సర్వర్లో తనకు కావలసిన కోడ్ నడిపించగలడు. తీవ్రత కొలమానంలో పదికి పది. పనికి ఆనవాలు మిగల్చడానికి వాడే లైబ్రరీలోనే కన్నం పడింది. లోపాన్ని సరిదిద్దిన వెర్షన్ వెంటనే వచ్చింది గాని, అది ఎక్కడ వేయాలో తేలలేదు. ఒక వార్ తెరిస్తే లిబ్ ఫోల్డర్లో వందల జార్లు, ఒక జార్ లోపల ఇంకో జార్. మన దగ్గర నడుస్తున్న అప్లికేషన్లలో లాగ్4జే ఎన్నిటిలో ఉంది అన్న ప్రశ్నకు చాలా సంస్థల్లో ఎవరి దగ్గరా రాసిపెట్టిన జవాబు లేదు. వారాల తరబడి సర్వర్లను వెతికి జాబితా కట్టారు.

చట్టం అడగడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు దాచి ఉంచాలి, అన్ని యంత్రాల గడియారాలూ ఒకే ప్రామాణిక సమయంతో సరిపోలాలి. 2024 అక్టోబరులో అదే సంస్థ సాఫ్ట్‌వేర్ విడిభాగాల జాబితాపై మార్గదర్శకాలు వెలువరించింది. ఏ అప్లికేషన్లో ఏ లైబ్రరీ ఉంది, ఏ వెర్షన్, ఎవరు తయారుచేసింది, దేనిమీద ఆధారపడింది అన్నది రాసి ఉండాలి. జావా బిల్డ్ సాధనం మేవెన్ వాడేవారు బిల్డ్ సమయంలోనే ఒక ప్లగిన్‌తో ఈ జాబితాను తీయవచ్చు. స్ప్రింగ్ బూట్ 3.3 నుంచి అప్లికేషనే తన జాబితాను ఒక చిరునామాలో చూపగలదు. ఇప్పుడు వెబ్ టెక్నాలజీస్ ల్యాబ్ నేర్పే అధ్యాపకులు టామ్‌క్యాట్ ప్రయోగం పక్కన దీన్నీ ఒక ప్రయోగంగా పెట్టవచ్చు: ఇద్దరు విద్యార్థులు, రెండు కంప్యూటర్లు, ఒకరు వార్ ఇవ్వాలి, రెండోవారు జాబితా సరిచూసి, రిజిస్టరులో సంతకం పెట్టి, అప్పుడు డిప్లాయ్ చేయాలి.